కొత్త కోచ్‌కి పాత ఆటగాడు తెలియడు

గాయం ఒకవైపు, గురువు మారడం మరోవైపు. ఈ రెండూ కలిసి మీద పడ్డప్పుడు ఆటగాడిలో ఇంకా ఏం మిగిలి ఉంటుంది? గచ్చిబౌలి కోర్టుల నుంచి నిజామాబాద్ బాక్సింగ్ రింగు దాకా కొన్ని జీవితాలు చెప్పే జవాబు ఇది.

హైదరాబాద్ శివారు కోకాపేట నియోపోలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టులో వేలం జరిగినప్పుడు ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ అంకె దేశమంతా మోగింది. అక్కడి నుంచి కొద్ది కిలోమీటర్లు ఇవతలికి వస్తే, గచ్చిబౌలిలో ఐదెకరాల నేల ఉంది. 2003లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాన్ని 45 ఏళ్ళ లీజుకు ఒక బ్యాడ్మింటన్ ఆటగాడికి ఇచ్చింది. ఆ రోజుల్లో ఇటువైపు రాళ్ళగుట్టలు, తుమ్మచెట్లే ఎక్కువ. ఆ నేల మీద అకాడమీ కట్టడానికి పుల్లెల గోపీచంద్ తన ఇల్లు తాకట్టు పెట్టాడు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ ఐదు కోట్లు ఇచ్చారు. 2008లో కోర్టులు తెరుచుకున్నాయి. తర్వాత అక్కడి నుంచి లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కంచు, రియోలో పీవీ సింధుకు వెండి పతకాలు వచ్చాయి.

ఈ కథ తెలుగువాళ్ళకు కొత్త కాదు. అయితే దీన్ని చెప్పేటప్పుడు మనం తరచూ దాటేసే విషయం ఒకటుంది. ఆ ఐదెకరాలు అందుకున్న మనిషి మోకాలు అంతకు తొమ్మిదేళ్ళ ముందే తెగిపోయింది. అప్పట్లో ఎవరైనా ఆ కుర్రాడి భవిష్యత్తు లెక్కగట్టి ఉంటే, సున్నా వేసి పక్కన పెట్టేవారు.

పుణెలో తెగిన లిగమెంటు

గోపీచంద్ పుట్టింది ప్రకాశం జిల్లా నాగండ్లలో, 1973 నవంబరులో. హైదరాబాద్‌లో ఎస్.ఎం. ఆరిఫ్ దగ్గర ఆట నేర్చుకున్నాడు. ఏవీ కాలేజీలో చదివాడు. 1990లో, 1991లో భారత విశ్వవిద్యాలయాల ఉమ్మడి బ్యాడ్మింటన్ జట్టుకు కెప్టెన్. కాలేజీ స్థాయిలో అంతకు మించి ఎదగడానికి మెట్టు లేదు. ఆ తర్వాత 1994లో పుణె జాతీయ క్రీడలు. డబుల్స్ మ్యాచ్ ఆడుతుండగా మోకాలిలో ముందరి క్రుసియేట్ లిగమెంటు తెగింది. ఆటగాళ్ళు ఏసీఎల్ అని పిలిచేది దీన్నే. అప్పటికి అతనికి ఇరవై ఏళ్ళు.

ఏసీఎల్ తెగడమంటే ఏమిటో ఇప్పుడు కోకాపేట, నార్సింగి టర్ఫ్‌ల మీద వారాంతాల్లో ఫుట్‌బాల్ ఆడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు కూడా తెలుసు. తొడ ఎముకనూ కాలి ఎముకనూ మోకాలి మధ్యలో ఏటవాలుగా పట్టి ఉంచే చిన్న తాడు అది. పరుగెత్తుతూ ఒక్కసారిగా ఆగినా, గాల్లోంచి ఒంటికాలి మీద దిగినా, పాదం నేలకు అతుక్కుని ఒళ్ళు మాత్రం తిరిగినా తెగుతుంది. చాలామందికి లోపల టప్పుమన్న చప్పుడు వినిపిస్తుంది. కొన్ని గంటల్లో మోకాలు వాచిపోతుంది. తెగింది తనంతట తాను మళ్ళీ గట్టిగా అతుక్కోవడం అరుదు. అందుకే తొడ వెనక కండరపు స్నాయువునో, మోకాలి చిప్ప కింది స్నాయువునో కొంత తీసి, ఎముకల్లో సొరంగాలు తొలిచి, కొత్త తాడుగా బిగిస్తారు.

ఇక్కడే ఆటగాణ్ణి మోసం చేసే దశ ఒకటి వస్తుంది. ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, నడక మామూలవుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే లోపలి కొత్త తాడు చాలా బలహీనంగా ఉంటుంది. తెచ్చిపెట్టిన స్నాయువుకు మొదట్లో రక్తం అందదు. కొత్త రక్తనాళాలు పెరిగి, అది లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి చేసిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల దాకా, మైదానానికి తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ మళ్ళీ గాయపడే ముప్పు 51 శాతం చొప్పున తగ్గిందని అది తేల్చింది. ఒళ్ళు బాగానే ఉందనిపిస్తున్న కుర్రాడికి ఇంకో నెల ఆగమని చెప్పడం కోచ్ వృత్తిలో అతి కష్టమైన పనుల్లో ఒకటి.

రెండో లెక్క ఇంకా గట్టిగా ఆలోచింపజేస్తుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి క్లేర్ ఆర్డర్న్ బృందం 2014లో ప్రచురించిన సమీక్ష ప్రకారం, ఏసీఎల్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళలో 81 శాతం మంది ఏదో ఒక ఆటకు తిరిగి వచ్చారు. గాయానికి ముందున్న స్థాయికి చేరింది 65 శాతం. పోటీ క్రీడల్లోకి వచ్చింది 55 శాతం. అంటే మోకాలు బాగుపడినా ఆట బాగుపడనివాళ్ళు చాలామంది ఉన్నారు. అడ్డుపడేవాటిలో భయం ఒకటి. అదే కాలి మీద అదే దూకుడుతో దిగడానికి మనసు ఒప్పుకోదు. దీన్ని కొలవడానికి ఇప్పుడు 12 ప్రశ్నల పత్రం ఒకటుంది. అనుభవమున్న ఫిజియోలు మోకాలి బలంతో పాటు దీని మార్కులూ చూస్తారు.

1994 నాటి హైదరాబాద్ కుర్రాడికి ఇవేవీ అందుబాటులో లేవు. ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి. ఈ ప్రయాణంలోనే గురువులూ మారారు. ఆరిఫ్ తర్వాత బెంగళూరులో ప్రకాశ్ పదుకోన్ అకాడమీ, ఆ తర్వాత భారత స్పోర్ట్స్ అథారిటీలో గంగూలీ ప్రసాద్ శిక్షణ. 1996లో గోపీచంద్ తొలిసారి జాతీయ విజేత అయ్యాడు. 2000 దాకా ఆ కిరీటాన్ని వరుసగా ఐదేళ్ళు వదల్లేదు. 1998 కౌలాలంపూర్ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ కాంస్యం. 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో ఆల్ ఇంగ్లండ్: సెమీస్‌లో పీటర్ గేడ్ మీద 17-14, 17-15, ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్ మీద 15-12, 15-6. 1980లో పదుకోన్ గెలిచాక 21 ఏళ్ళకు ఆ టైటిల్ మళ్ళీ మన దేశానికి వచ్చింది.

నాకు ఈ కథలో అన్నింటికన్నా ముఖ్యంగా తోచేది 1994కూ 1996కూ మధ్యనున్న కాలం. ఆ రెండేళ్ళ గురించి రికార్డు పుస్తకాల్లో ఏమీ ఉండదు. స్కోర్లుండవు, ఫొటోలుండవు. కానీ ఆల్ ఇంగ్లండ్ విజేత తయారైంది అప్పుడే. అప్పటికే పెద్ద పేరున్న ఆటగాడు కాదు కనుక బయటివాళ్ళెవరూ అతని కోసం ఎదురుచూడలేదు. ఎదురుచూసినవాళ్ళు ఇంట్లోవాళ్ళు, కోచ్‌లు, తోటి ఆటగాళ్ళు.

ముందు గాయం, వెంటనే కొత్త గురువు

గాయం తర్వాత కోచ్ మారడం మేలా, కీడా? ఇరవై ఏళ్ళుగా గచ్చిబౌలిని చూస్తున్నవాళ్ళకు ఈ ప్రశ్న రాగానే కిదాంబి శ్రీకాంత్ గుర్తొస్తాడు.

2014 జులైలో శ్రీకాంత్ అకాడమీలోనే స్నానాల గదిలో స్పృహ తప్పి పడిపోయాడు. మెదడు పొరల వాపు. ఆస్పత్రిలో ఐసీయూలో ఉంచారు. అదే సంవత్సరం నవంబరులో చైనా ఓపెన్ ఫైనల్లో, చైనా గడ్డ మీద, లిన్ డాన్‌ను 21-19, 21-17తో ఓడించాడు. అది జబ్బు, గాయం కాదు. కోచ్ కూడా మారలేదు. కుర్రతనం, ప్రతిభ కలిసి మళ్ళీ ఆటలోకి లాక్కొచ్చాయని అనుకోవచ్చు.

అసలు పరీక్ష రెండేళ్ళ తర్వాత ఎదురైంది. 2016 రియో ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్లో అదే లిన్ డాన్‌తో మూడో గేమ్ 18-21 దాకా పోరాడి ఓడాడు. కొద్ది వారాలకే చీలమండ గాయం. నెలల తరబడి ఆటకు దూరం. ర్యాంకు పడిపోయింది. ఈ సమయంలోనే, 2017 మొదట్లో, ఇండోనేసియా నుంచి ముల్యో హండోయో భారత సింగిల్స్ కోచ్‌గా హైదరాబాద్ వచ్చారు. 2004 ఏథెన్స్ ఒలింపిక్ విజేత తౌఫీక్ హిదాయత్‌ను తీర్చిదిద్దిన మనిషి.

ముల్యో గాయపడి లేచిన ఆటగాణ్ణి బుజ్జగించలేదు. శిక్షణ గంటలు పెంచారు. ఓపిక పెంచే పనికి పెద్దపీట వేశారు. పాయింటు త్వరగా ముగించేయాలని చూసే శ్రీకాంత్, ర్యాలీ ఎంత పొడవు సాగినా నిలబడే శ్రీకాంత్‌గా మారాడు. ఏప్రిల్‌లో సింగపూర్ ఓపెన్ ఫైనల్ చేరి, తన అకాడమీ మిత్రుడు సాయి ప్రణీత్ చేతిలో ఓడాడు. ఆపైన జూన్‌లో ఇండోనేసియా ఓపెన్, ఆ వెంటనే ఆస్ట్రేలియన్ ఓపెన్ (ఫైనల్లో ఓడింది ఒలింపిక్ విజేత చెన్ లాంగ్), అక్టోబరులో డెన్మార్క్, మరుసటి వారమే ఫ్రెంచ్ ఓపెన్. ఒకే ఏడాదిలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్ళు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్.

ఆ ఏడాదిని తలుచుకున్నప్పుడల్లా ఒక మాట చెప్పాలనిపిస్తుంది. కొత్త కోచ్‌కి పాత ఆటగాడు తెలియడు. గాయానికి ముందు ఈ కుర్రాడు ఎంత ఎత్తు ఎగిరేవాడో, ఎంత వేగంగా వెనక్కి పరుగెత్తేవాడో అతను రోజూ దగ్గరుండి చూసినవాడు కాదు. కాబట్టి 'మునుపటిలా ఆడటం లేదే' అని అతను అనడు. ఎదురుగా నిలబడ్డ మనిషితో ఏం చేయొచ్చో మాత్రమే చూస్తాడు. గాయపడి లేచిన ఆటగాడికి ఇంతకన్నా పెద్ద ఊరట లేదు. ఇంట్లోవాళ్ళు, స్నేహితులు, పాత కోచ్, అభిమానులు అందరూ అతన్ని నిన్నటి అతనితో పోల్చి చూస్తుంటారు. ఆ పోలిక లేని చూపు ఒక్కటి చాలు, ఊపిరి ఆడుతుంది.

కానీ ప్రమాదమూ అక్కడి నుంచే వస్తుంది. పాత ఆటగాడు తెలియని కోచ్‌కి పాత గాయమూ తెలియదు. నొప్పి వచ్చినప్పుడు ఈ అమ్మాయి మొహంలో ఏ మార్పు వస్తుందో, ఈ అబ్బాయి ఏ కాలిని దాచుకుంటూ దిగుతాడో ఏళ్ళ తరబడి చూసినవాడికే తెలుస్తుంది. కొత్తగా వచ్చినవాడు తన పద్ధతి నిరూపించుకోవాలన్న ఆత్రంలో బరువు పెంచేస్తే, సగం మానిన చోట మళ్ళీ తెగుతుంది.

2017 చివర్లో ముల్యో వెళ్ళిపోయారు. శ్రీకాంత్ నంబర్ వన్ అయ్యేసరికి అతన్ని అక్కడికి చేర్చిన కోచ్ ఇక్కడ లేరు. ఆ తర్వాతి ఏళ్ళు కష్టంగా గడిచాయి. 2019లో మోకాలి గాయం. కోవిడ్ వల్ల అర్హత టోర్నీలు రద్దయి టోక్యో ఒలింపిక్స్ అవకాశం పోయింది. శ్రీకాంత్ పని అయిపోయిందన్న మాట అప్పుడు చాలా నోళ్ళ మీద ఉండేది. 2021 డిసెంబరులో స్పెయిన్‌లోని వెల్వాలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ చేరాడు. భారత పురుషుల్లో అంతకుముందు ఎవరూ అక్కడిదాకా వెళ్ళలేదు. సింగపూర్ ఆటగాడు లో కీన్ యూ చేతిలో ఓడి రజతం తెచ్చాడు. 2022 మేలో బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్లో జొనాథన్ క్రిస్టీని ఓడించి భారత్‌కు కప్పు ఖాయం చేశాడు. 2025 మేలో, 32 ఏళ్ళ వయసులో, క్వాలిఫయింగ్ నుంచి మొదలుపెట్టి మలేసియా మాస్టర్స్ ఫైనల్ దాకా వెళ్ళాడు. ఇతని సామర్థ్యానికి మూడుసార్లు గడువు తేదీ వేసి ఉంటారు. మూడుసార్లూ తప్పింది.

వెళ్ళినవారు, తిరిగి వచ్చినవారు

శ్రీకాంత్ కథ ఒక్కటే చూస్తే కొత్త కోచ్ వచ్చాక అంతా మారిపోతుందన్న నమ్మకం కలగొచ్చు. సైనా కథ ఆ నమ్మకాన్ని సరిదిద్దుతుంది.

2014 సెప్టెంబరులో సైనా గోపీచంద్‌ను వదిలి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి వెళ్ళింది. ఆ రోజుల్లో ఆ నిర్ణయం మీద ఎంత దుమారం రేగిందో హైదరాబాద్‌లో అందరికీ గుర్తే. ఆమె ఎంపిక సరైనదేనని ఫలితాలు చెప్పాయి: 2015లో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్, జకార్తా ప్రపంచ చాంపియన్‌షిప్‌లో రజతం, ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు. తర్వాత మోకాలి గాయం. రియోలో గ్రూప్ దశలోనే ఉక్రెయిన్ అమ్మాయి మరియా ఉలిటినా చేతిలో ఓడింది. ఆగస్టు 20న ముంబైలో ఆపరేషన్. నవంబరుకల్లా చైనా ఓపెన్‌లో మళ్ళీ కోర్టు ఎక్కింది. 2017 జనవరిలో మలేసియా మాస్టర్స్ గెలిచింది, ఆగస్టులో గ్లాస్గోలో ప్రపంచ కాంస్యం అందుకుంది. అంటే గాయం నుంచి బయటికి తెచ్చింది విమల్ శిక్షణ.

ఆ వెంటనే ఆమె గోపీచంద్ దగ్గరికి తిరిగి వచ్చింది. బాగా నడుస్తున్నప్పుడు ఎందుకు మారడమని చాలామంది అడిగారు. నవంబరులో నాగపూర్ జాతీయ ఫైనల్లో సింధును 21-17, 27-25తో, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో గోల్డ్ కోస్ట్ కామన్వెల్త్ ఫైనల్లో అదే సింధును 21-18, 23-21తో ఓడించి ఆమె జవాబిచ్చింది. చిన్నప్పటి నుంచి తన ఆట తెలిసిన గురువు, ఆపరేషన్ అయిన మోకాలు, ఎదురుగా తనకన్నా పొడవైన, వయసులో చిన్నదైన ప్రత్యర్థి. ఆ స్థితిలో ఆమెకు కావలసింది తనను పూర్తిగా ఎరిగిన కన్ను. సైనా విషయంలో వదిలి వెళ్ళడమూ సరైందే, తిరిగి రావడమూ సరైందే. రెండుసార్లూ నిర్ణయం ఆమెదే కావడం నాకు గౌరవం కలిగిస్తుంది. 2024లో ఆమె తన మోకాళ్ళకు ఆర్థరైటిస్ వచ్చిందని బయటికి చెప్పింది. ఆ మోకాళ్ళతో ఆమె ఎంత దూరం నడిచిందో అప్పుడు అర్థమైంది.

సింధు సంగతి ఇంకోలా సాగింది. 2019లో బాసెల్‌లో ప్రపంచ విజేత అయ్యేనాటికి కొరియా కోచ్ కిమ్ జి హ్యున్ ఆమె వెంట ఉంది. భర్త అనారోగ్యం వల్ల కిమ్ కొద్ది రోజులకే న్యూజిలాండ్ వెళ్ళిపోయింది. పార్క్ టే సాంగ్ వచ్చారు, టోక్యోలో కాంస్యం వచ్చింది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో ఎడమ చీలమండలో ఎముక చిట్లిన స్థితిలోనే మిషెల్ లీని వరుస గేముల్లో ఓడించి కామన్వెల్త్ స్వర్ణం గెలిచింది. ఆ తర్వాత దాదాపు ఐదు నెలలు ఆట లేదు. తిరిగి వచ్చాక మలేసియాకు చెందిన హఫీజ్ హషీమ్, ప్రకాశ్ పదుకోన్, ఇండోనేసియా కోచ్‌లు ఆగుస్ ద్వి సాంతోసో, ఇర్వాన్‌శ్యా ఇలా గురువులు మారుతూ వచ్చారు. మధ్యలో మోకాలి గాయం, తర్వాత పాదం గాయం. ప్రతి కొత్త పద్ధతీ ఒంటికి పట్టడానికి సమయం కావాలి, గాయాలు ఆ సమయాన్ని తినేస్తూ పోయాయి. గాయానికి ఒక గడియారం, కోచ్ పద్ధతికి మరో గడియారం ఉంటాయి. రెండూ ఒకే వేగంతో నడిచినప్పుడు 2017 శ్రీకాంత్ కనిపిస్తాడు. నడవనప్పుడు ఎంతటి చాంపియన్‌కైనా ఏళ్ళు చేజారిపోతాయి.

నిఖత్ భుజం

శ్రీకాంత్, సైనా, సింధులకు గాయం తగిలేనాటికి అకాడమీలు, ఫిజియోలు, పేరు ఉన్నాయి. గోపీచంద్ లాగే ఏవీ కాలేజీలో చదివిన నిజామాబాద్ బాక్సర్ నిఖత్ జరీన్ సంగతి వేరు. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ ఆమెకు తొలి కోచ్. నిజామాబాద్‌లో ఓనమాలు, 2009లో విశాఖపట్నంలో ఐ.వి. రావు దగ్గర శిక్షణ, 2011లో తుర్కియేలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ స్వర్ణం. 2017లో అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో బౌట్ మధ్యలో ఆమె భుజం కీలు తొలగింది. ఆపరేషన్. దాదాపు ఏడాది రింగుకు దూరం.

బాక్సర్‌కు భుజం పోవడమంటే చేయి లేపడానికి కూడా మొదటి నుంచి మొదలుపెట్టడమే. అది జరిగింది కూడా ఒలింపిక్స్‌లో కాదు, కాలేజీ పోటీలో. టీవీ కెమెరాలుండవు, మరునాడు పేపర్లో పెద్దగా వార్త ఉండదు. జాతీయ శిబిరానికి ఎంపిక కావాలంటే పోటీల్లో కనిపించాలి, కనిపించాలంటే భుజం బాగుండాలి. ఈ చక్రంలోంచి ఆమె 2018లో బెల్‌గ్రేడ్ టోర్నీ స్వర్ణంతో, 2019లో బల్గేరియాలో స్ట్రాంజా స్వర్ణంతో బయటపడింది. ఆ ఏడాది చివర్లో ఒలింపిక్ ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో 1-9 తేడాతో ఓడింది. అక్కడితో ఆగిపోయి ఉంటే మనం ఇవాళ ఆమె పేరు తలుచుకునేవాళ్ళం కాదేమో. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ జుతామాస్ జిత్‌పాంగ్‌ను 5-0తో ఓడించి ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్ళీ గెలిచింది. తండ్రి, ఐ.వి. రావు, తర్వాత జాతీయ శిబిరం కోచ్‌లు ఇలా ఆమె ఆట చాలా చేతులు మారింది. తండ్రి మాత్రం మారలేదు. ఎందరు కోచ్‌లు వచ్చిపోయినా మొత్తం కథ తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండటం గాయపడ్డ పిల్లలకు చాలా అవసరం. నిఖత్‌కు ఆ అదృష్టం ఇంట్లోనే దొరికింది.

అమెరికాలో ఆ ఏడాదికి లెక్కుంది

నిఖత్‌లా గాయంతో ఏడాది పోగొట్టుకున్న కాలేజీ పిల్లల్ని అమెరికాలో ఎలా చూస్తారో ఒకసారి చూద్దాం. కోకాపేట టవర్లలో చాలా ఇళ్ళకు డాలస్‌లోనో అట్లాంటాలోనో బంధువులున్నారు. అక్కడ శనివారమంటే కాలేజీ ఫుట్‌బాల్. మన ఫుట్‌బాల్ కాదు, చేత్తో పట్టి పరుగెత్తే ఆట. అందులో సేఫ్టీ అనే స్థానం ఉంది. అక్కడ ఆడేవాడు రక్షణ వరుసలో అందరికన్నా వెనక నిలబడతాడు. మైదానమంతా అతని కళ్ళ ముందుంటుంది. బంతి ఎటు వెళ్తుందో ముందే పసిగట్టి, వెనక్కి అడుగులేస్తూ ఒక్క క్షణంలో నడుము తిప్పి పరుగందుకోవాలి. అతన్ని దాటితే మిగిలేది గోల్ గీతే. మోకాలు తెగిన సేఫ్టీకి అతి కష్టంగా తోచేది ఆ నడుము తిప్పే క్షణమే. మైదానాన్ని చదివే కన్ను మాత్రం గాయంతో పోదు. ఆపరేషన్ తర్వాత సేఫ్టీలో ఎంత మిగిలిందని కోచ్ చూడాల్సింది ఆ కన్నుతో మొదలవుతుంది.

అక్కడి కాలేజీ క్రీడల వ్యవస్థలో లోపాలు లేవని కాదు, డబ్బు వరద అక్కడా ఉంది. కానీ గాయపడ్డ కుర్రాడి విషయంలో వాళ్ళు పెట్టుకున్న కొన్ని నియమాలు మనం గమనించాలి. ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతి ప్రకారం అక్కడి కాలేజీ ఆటగాడు ఐదేళ్ళలో నాలుగు సీజన్లు ఆడొచ్చు. ఒక ఏడాది పక్కన కూర్చున్నా లెక్క పోదు. సీజన్ మొదట్లోనే గాయపడితే ఆ ఏడాదిని తిరిగి ఇమ్మని వైద్య కారణాలతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2018లో, ఒక సీజన్‌లో నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడినా ఆ ఏడాది మిగిలే ఉండేలా నియమం తెచ్చారు. హెడ్ కోచ్ వెళ్ళిపోతే, ఆ జట్టు పిల్లలు మరో కాలేజీ వెతుక్కోవడానికి ప్రత్యేకంగా కొన్ని రోజుల గడువు ఇస్తారు. గాయం, కోచ్ మార్పు రెండూ ఆటగాడి తప్పు కావని ఒప్పుకున్న నియమాలివి.

మన దగ్గర యూనివర్సిటీ జట్టు ఏటా సెలక్షన్ ట్రయల్స్‌తో తయారవుతుంది. ట్రయల్స్ రోజున క్రచెస్ మీద ఉన్న పిల్లవాడికి ఆ ఏడాది లేనట్టే. ప్రతి డిగ్రీ కాలేజీలో ఒక ఫిజికల్ డైరెక్టర్ ఉంటే అదే గొప్ప, ఆయన బదిలీ అయితే ఆ పిల్లల గురించి తెలిసినవాడు మిగలడు. స్పోర్ట్స్ కోటాలో సీటు తెచ్చుకున్న పిల్లవాడు గాయపడితే, ఫిజియోథెరపీ ఖర్చు చాలా ఇళ్ళలో తల్లిదండ్రుల మీదే పడుతుంది. తొమ్మిది నెలల ఫిజియోథెరపీ మధ్యతరగతి కుటుంబానికే భారం, రైతు ఇంటికి చెప్పనక్కర్లేదు. అందుకే నొప్పి తగ్గిన మూడో నెలలోనే పిల్లలు మళ్ళీ కోర్టు ఎక్కేస్తారు. మన ప్రతిభ ఎక్కువగా కారిపోతున్నది ఈ రంధ్రంలోంచేనని నా గట్టి నమ్మకం. మోకాళ్ళు తెగడాన్ని పూర్తిగా ఆపలేం. తెగిన తర్వాతి ఏడాదిని కాపాడటం మాత్రం మన చేతిలో ఉంది, అదేమీ వంద కోట్ల పని కాదు.

యూనివర్సిటీలు చేయగలిగినవి కళ్ళముందే ఉన్నాయి. ఆపరేషన్ కాగితాలు చూపిన ఆటగాడి పేరు జట్టు శిబిరంలో ఆ ఏడాది కొనసాగించాలి, ఆడకపోయినా. వయోపరిమితి లెక్కలో ఆ ఏడాది కలపాలి. జిల్లా స్పోర్ట్స్ అథారిటీ దగ్గర ఫిజియో ఒకరు ఉండాలి. కోచ్ మారినప్పుడు, వెళ్ళేవాడు వచ్చేవాడికి ఆటగాళ్ళ గాయాల వివరాలు రాతపూర్వకంగా అప్పగించాలి.

కోకాపేట, నార్సింగి, గచ్చిబౌలి అకాడమీల్లో పిల్లల్ని చేరుస్తున్న తల్లిదండ్రులు కూడా ఒక పని చేయొచ్చు. గాయపడ్డ పిల్లవాణ్ణి కొత్త కోచ్ దగ్గరికి తీసుకెళ్ళేటప్పుడు కప్పులు, సర్టిఫికెట్ల ఫైలు ఇంట్లో ఉంచండి. ఎంఆర్ఐ రిపోర్టు, సర్జన్ రాసిన ఆపరేషన్ నోట్సు, ఫిజియో దగ్గర ఏ నెలలో ఎంత బరువు ఎత్తాడో రాసిన పుస్తకం తీసుకెళ్ళండి. మళ్ళీ ఎప్పుడు ఆడిస్తారని అడగొద్దు. మొదటి మూడు నెలలు ఏం చేయిస్తారో, ఏ పరీక్ష పాసైతే తర్వాతి దశకు పంపుతారో, ఫిజియో వద్దంటే ఎవరి మాట చెల్లుతుందో అడగండి. ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చే కోచ్ దగ్గర ఫీజు కట్టండి.